సాంటా ఫే నగరమున భోజనము, బేరము

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి భాగమున న్యూ మెక్సికో యను రాష్ట్రము గలదు. దాని ముఖ్యపట్టణము సాంటా ఫే. స్పెయిను దేశస్థులు 1610వ సంవత్సర ప్రాంతమున దీనిని రాజధానిగా నేర్పఱచిరి. ఇది సముద్రమట్టమునకు సుమారు 7,000 అడుగుల యెత్తున నున్నది. ఆ ప్రాంతమున నుద్యోగము చేయుచున్న మా తమ్ముని జూడబోయి, మేమీ పట్టణమున రెండు దినములు గడపితిమి. అచ్చటికి బోవు మనవారి కుపయోగించునని కొన్ని సంగతులు వ్రాయుచున్నాము.

భోజనశాలలో గూర్చుండి వంటకము చెప్పగనే "ఎఱ్ఱదా, పచ్చదా?" యని యడుగుదురు. ఇది మిరపకాయల పులుసును గూర్చిన ప్రశ్న. దీనిని ఆ రాష్ట్రపు శాసనసభవారు తమ రాష్ట్ర ప్రశ్నగా నంగీకరించియున్నారు! పచ్చికాయలను మంటపై గాల్చి, తొక్క తీసి వండినది పచ్చది. అవే కాయలు పండి యెండిన పిమ్మట నూరి కాచినది ఎఱ్ఱది. రెండును గావలసినవారు "క్రిస్మస్" అనిన జాలును. నీలిరంగు మొక్కజొన్నల రొట్టెయు, చిక్కుడు గింజలును, పూరీవలె పొంగి తేనెతో దినబడు సోపపీయాయు రుచి చూడదగినవి. ఇండ్ల ముంగిట వ్రేలాడు ఎండుమిరప దండలను జూడగా, గుంటూరు సీమవారమైన మాకు పరదేశమున నున్నట్లే తోపలేదు. మిరప మనకు 16వ శతాబ్దమున పోర్చుగీసువారి మూలమున ఆ ఖండమునుండియే వచ్చినది గదా!

ఇక కొనుగోలు మాట. ఊరి నడుమ గవర్నరుల భవనమను పురాతనమైన కట్టడము గలదు. దాని వసారాలో, అమెరికన్ ఇండియనులని పిలువబడు ఆదిమవాసులు దుప్పట్లు పఱచికొని నగలును మట్టిపాత్రలును విక్రయింతురు. తామైనను తమ యింటివారైనను చేసిన వస్తువులనే యమ్మవలెననియు, వానిపై చేసినవారి గుర్తు ఉండవలెననియు అచ్చట నిబంధన. ఇండియనులు చేయని సరుకును వారిదని చెప్పి యమ్ముట 1990వ సంవత్సరపు శాసనము ప్రకారము నేరము. అయినను రంగువేసిన రాళ్లను, ప్లాస్టిక్కును ఆకాశవర్ణపు టర్కాయిజ్ రాళ్లని యమ్మువారు లేకపోలేదు.

మేము మా తల్లిగారికి ఒక పూసలపేరు కొనదలచితిమి. చేతనున్న సొమ్ము స్వల్పము. ఒక అంగడిలో మిక్కిలి చౌకగా నొకటి కనబడెను. "ఎవరు చేసినది?" అని యడుగగా అంగడివాడు వెల మఱికొంత తగ్గించెను గాని బదులు చెప్పలేదు. దానిని విడిచి వసారాకు బోతిమి. అచ్చట నొక స్త్రీ యొద్ద, ఆల్చిప్పలను అఱుగదీసి చేసిన పేరు చూచితిమి. వెల మా శక్తికి మించినది. మా తమ్ముడు మెల్లగా, "అన్నయ్యా, బేరమునకు ముందు దీనికెన్ని దినములు పట్టినదో యడిగి చూడుము" అనెను. అడిగితిమి. "నాలుగు దినములు, అఱుగదీయుట నా భర్త, గ్రుచ్చుట నేను" అని యామె చెప్పెను. ఆ మాట విన్న పిమ్మట వెల తగ్గింపుమనుటకు మాకు నోరు రాలేదు. పేరు నచ్చటనే యుంచి, ఆమె తల్లి చేసిన చిన్న మట్టిగిన్నె నొకదానిని చెప్పిన వెలకే కొంటిమి. అడుగున ఆ ముసలమ్మ గుర్తు గలదు.

విద్యార్థులారా, ఈ సంగతి దూరదేశమునకు మాత్రమే చెందినది కాదు. పోచంపల్లి చేనేత చీరయని యంత్రముపై అచ్చువేసిన గుడ్డ మన బజారులలోను అమ్ముడుపోవుచున్నది. మగ్గము ముందు గూర్చున్నవాని దినములకు ఆ వెలలో లెక్కయే లేదు. కావున వెల యెంతయని యడుగుటకు ముందు, ఎవరు చేసిరని యడుగుట నేర్చికొనుడు. ఆ ప్రశ్నకు బదులు దొరకిన చోట, కొన్నది కొంచెమైనను మన సొమ్ము పనివాని యింటికే చేరును.