రాయదుర్గం తర్వాత ఎలా?

నాగోల్ నుంచి వచ్చే మెట్రో బ్లూ లైన్ రాయదుర్గంలో అయిపోతుంది. ఐటీ మాత్రం అక్కడ అయిపోదు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట... అద్దాల బిల్డింగులు ఇంకా ముందుకే ఉన్నాయి.

ఉదయం తొమ్మిదిన్నరకి ఆ స్టేషన్ మెట్ల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. అక్కడిదాకా వందల మంది ఒకే రైల్లో, కరెంటుతో వచ్చారు. (ఆ కరెంటులో బొగ్గు వాటా కూడా ఉందనుకోండి, అది వేరే కథ.) కిందికి దిగగానే అందరి చూపూ ఫోన్లలోనే. ఒకరికి క్యాబ్, ఒకరికి బైక్ ట్యాక్సీ, ఇంకొకరికి ఆటో. పది మంది వెళ్లేది ఒకే క్యాంపస్‌కి అయినా పది ఓటీపీలు, పది బండ్లు. పైగా క్యాబ్ మన దాకా ఖాళీగా వచ్చిన దూరం బిల్లులో విడిగా కనపడదు. ఇంధనం మాత్రం ఖర్చయ్యేదే.

పక్కనే షేర్ ఆటో అన్న "గచ్చిబౌలి, గచ్చిబౌలి, విప్రో సర్కిల్" అని అరుస్తుంటాడు. యాప్ లేదు, రేటింగ్ లేదు. ఇరుక్కుని కూర్చుంటే ఒకే బండిలో ఐదారుగురు. మోకాళ్లు నొప్పే, ఒప్పుకుంటా. కానీ కార్బన్ లెక్క వేస్తే ఆ అరుపే మన అల్గోరిథం కంటే తెలివైనది. కోడ్ రాసి బతికేవాణ్ని కాబట్టి ఈ మాట కొంచెం గుచ్చుకుంటుంది. ఎవరెటు వెళ్తున్నారో యాప్‌లకి ముందే తెలుసు. ఆ డేటాతో ఒక చిన్న ఎలక్ట్రిక్ బస్సు నింపొచ్చు. కానీ విడివిడిగా అమ్మితేనే కదా వాళ్లకి గిట్టుబాటు!

ఇది నిన్నమొన్నటి అలవాటు కాదు. సైబర్ టవర్స్ మొదలైంది 1998లో. ఎంఎంటీఎస్ 2003లో వచ్చింది. హైటెక్ సిటీకి మెట్రో వచ్చేసరికి 2019. అంటే ఇరవై ఏళ్లు. అప్పటికే జనం బైకులు కొన్నారు, కార్ల ఈఎంఐలు కూడా కట్టేశారు.

ఇంకాస్త ముందుకెళ్తే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ వస్తుంది. 2023లో తెరిచారు. పొడవు 23 కిలోమీటర్లు. పైన పలకలు కరెంటు తీస్తుంటే కింద నీడలో తొక్కొచ్చు. నిజంగా బాగుంటుంది, ఆదివారం పొద్దున ఒకసారి వెళ్లండి. కాకపోతే అక్కడికి కొందరు కారు వెనక సైకిల్ కట్టుకుని వస్తారు. ఇంటి నుంచి ట్రాక్ దాకా, ట్రాక్ నుంచి ఆఫీసు గేటు దాకా భయం లేకుండా తొక్కే దారి లేకపోతే అది ఎక్సర్‌సైజే అవుతుంది కానీ ప్రయాణం ఎలా అవుతుంది?

ట్రాక్ మీంచి చూస్తే కోకాపేట వైపు క్రేన్లు కనిపిస్తాయి. రాయదుర్గం నుంచి అక్కడికి మెట్రో పొడిగించాలని ప్రతిపాదన ఉంది. టవర్లు మాత్రం ఈసారి కూడా ముందే లేచాయి.