గల్లియోను న్యాయపీఠము

గ్రీసు దేశంలో ఏథెన్సుకు పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన పాత కొరింథు శిథిలాలున్నాయి. అపొల్లో గుడి స్తంభాలు ఏడు నేటికీ నిలిచియున్నాయి. వెనుక అక్రోకొరింథు కొండ. దాని క్రింద, ఒకనాటి సంతవీధిలో, ఎత్తయిన రాతి అరుగొకటి కనబడుతుంది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలోని న్యాయపీఠము ఇదేనని అనేక పండితుల అభిప్రాయం.

ఆ పీఠముపై కూర్చున్న గల్లియోను ఎవరు? స్పెయిన్‌లోని కొర్దోబాకు చెందిన అన్నేయుల కుటుంబీకుడు. తండ్రి పెద్ద సెనెకా, వక్తలను గూర్చి గ్రంథాలు వ్రాసినవాడు. ఆయనకు ముగ్గురు కుమారులు. పెద్దవాడైన నొవాటస్‌ను జూనియస్ గల్లియో అనే ప్రముఖుడు దత్తత తీసుకొనగా అతని పేరు మారింది. రెండవవాడు నీరో చక్రవర్తికి గురువైన తత్వవేత్త సెనెకా. మూడవవాడు మేలా. మేలా కుమారుడే కవి లూకన్.

డెల్ఫీలో దొరికిన రాతిముక్కలపై క్లౌదియ చక్రవర్తి వ్రాయించిన లేఖ ఒకటున్నది. అందులో గల్లియోను పేరున్నది. దానిని బట్టి అతడు అకయను ఏలినది క్రీ.శ. 51-52 ప్రాంతమని తేలింది. పౌలు ప్రయాణాల తేదీలను లెక్కకట్టడానికి ఇదే ముఖ్య ఆధారం.

గల్లియోను పౌలుపై తెచ్చిన ఫిర్యాదును త్రోసివేశాడు. అది న్యాయమే. అయితే సమాజమందిరపు అధికారి సొస్తెనేసును జనులు తన కళ్లెదుటే కొట్టుచుండగా ఊరకున్నాడు. కోపమును గూర్చి సెనెకా మూడు భాగాల గ్రంథం వ్రాసి అంకితమిచ్చింది ఈ అన్నకే! కోపం ఎంత చెడ్డదో తమ్ముడు వివరించాడు. ఆ కోపానికి బలియైనవాడు ఎదుట పడినప్పుడు అన్న చెయ్యి కదపలేదు.

ఆ కుటుంబం అంతం దుఃఖకరం. క్రీ.శ. 65లో తనపై జరిగిన కుట్రను నీరో కనుగొన్నాడు. సెనెకా, 25 ఏళ్ల లూకన్ అతని ఆజ్ఞచొప్పున తమ నరములు కోసికొని మరణించారు. గల్లియోను భయపడి తన ప్రాణం కోసం బతిమాలుకున్నాడు. అయినా తరువాత అతడూ మరణించాడు. 66లో మేలాకు అదే గతి పట్టింది. రాజాస్థానపు చెలిమి వారిని కాపాడలేదు.

ప్రియ చదువరీ, పీఠముపై కూర్చున్నవాడు కొన్నేళ్లకే ప్రాణభిక్ష అడిగేవాడయ్యాడు. మన ఎదుట ఎవడైనా దెబ్బలు తింటున్నప్పుడు, అది మన పని కాదని ముఖం త్రిప్పుకొనక ముందు, కొరింథులోని ఆ రాతి అరుగును జ్ఞాపకం చేసికొందుము గాక.