సాఫ్ట్‌వేర్ మారింది సరే, మనుషుల మాటేమిటి?

మా ఆఫీసుల్లో ప్రాజెక్ట్ ప్లాన్ అని ఒకటి ఉంటుంది. ఏ పని ఎవరు చెయ్యాలి, ఏ తేదీకి పూర్తవ్వాలి అన్నీ వరసగా రాసి ఉంటాయి. సర్వర్ సిద్ధం చేయడం, పాత డేటా ఎక్కించడం, టెస్టింగ్, గో లైవ్... ఇలా వందల లైన్లు. చివర్లో ఎక్కడో 'ట్రైనింగ్ – 2 రోజులు' అని ఉంటుంది. రేపట్నుంచి ఆ సాఫ్ట్‌వేర్‌తో బతకాల్సిన మనుషుల కోసం ఆ ప్లాన్‌లో ఉండేది ఆ ఒక్క లైనే!

ఇంజనీరింగ్ నాలుగేళ్లలో మాకు ప్రోగ్రాములు రాయడం నేర్పారు. రాసినదాన్ని ఎవరైనా ఎందుకు వద్దంటారో ఏ సబ్జెక్టులోనూ లేదు. అది నేను నేర్చుకున్నది ఒక స్పిన్నింగ్ మిల్లు స్టోర్స్ గదిలో.

ఆ మిల్లులో స్టాక్ రిజిస్టర్లు తీసేసి కంప్యూటర్ పెట్టే ప్రాజెక్టులో నేనూ ఉన్నాను. అక్కడి స్టోర్‌కీపర్‌ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. నాకూ అదే అలవాటైంది. ఆయనకు 55 ఏళ్లు, అందులో 29 ఏళ్లు ఆ గదిలోనే. ఫిట్టర్ వచ్చి "మూడో మిషన్‌దిరా బాబాయ్" అంటే చాలు, ఏ అరలో ఏ బేరింగ్ ఉందో చూడకుండానే తీసిచ్చేవారు.

సాఫ్ట్‌వేర్ మొదలైన రెండో వారానికి గొడవ మొదలైంది. పగలంతా బాగానే ఉంటోంది. రాత్రి షిఫ్టులో మాత్రం బాబాయ్, ఆయన కింది ఇద్దరూ మళ్లీ కాగితం మీదే సరుకు ఇచ్చేసి, తెల్లారాక కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు. లెక్కలు కుదరడం లేదు. మిల్లు ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్‌లో "స్టోర్స్ స్టాఫ్ సహకరించడం లేదు" అని ఉంది. మా రిపోర్టులో అదే మాట కాస్త స్టైల్‌గా 'యూజర్ రెసిస్టెన్స్' అని ఎక్కింది.

మా టీమ్ లీడ్ మేడమ్ ఆ మాట ఒప్పుకోలేదు. "వాళ్లు ఎందుకు చెయ్యట్లేదో చూడకుండా చెయ్యట్లేదని ఎలా రాస్తాం?" అని నన్ను వెంటబెట్టుకుని రెండు రాత్రులు స్టోర్స్‌లోనే కూర్చున్నారు.

చూస్తే విషయం ఇదీ. కొత్త పద్ధతిలో ఇండెంట్‌ని సూపర్‌వైజర్ కంప్యూటర్‌లో ఓకే చేస్తేగానీ సరుకు బయటికి రాదు. రాత్రిపూట సూపర్‌వైజర్ షెడ్‌లో తిరుగుతుంటాడు, సీట్లో ఉండడు. అక్కడ మిషన్ ఆగిపోయి ఉంటుంది. ఫిట్టర్ వచ్చి కేకలేసేది సాఫ్ట్‌వేర్ మీద కాదు, బాబాయ్ మీద. ఆయన కాగితం మీద ఇచ్చింది మొండితనంతో కాదండీ, మిల్లు నడవాలని! అత్యవసరమైతే ముందు సరుకిచ్చి, తర్వాత సంతకం తీసుకునే వీలు కల్పిస్తే ఆ గొడవ నాలుగు రోజుల్లో సద్దుమణిగింది.

కానీ అసలు సమస్య అది కాదు. రెండో రాత్రి టీ తాగుతుండగా బాబాయ్ నెమ్మదిగా అడిగారు: "అమ్మా, నా బుర్రలో ఉన్నదంతా దీంట్లోకి ఎక్కేశాక, ఇక నాతో పనేముంటుంది?"

దానికి జవాబు మా చేతుల్లో లేదు. మేడమ్ ఆ ప్రశ్నను మిల్లు మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన రావడానికి రెండు వారాలు పట్టింది. వచ్చి, స్టోర్స్‌లోనే నిలబడి చెప్పారు: ఉన్న ముగ్గురినీ తియ్యం, ఖాళీగా ఉన్న హెల్పర్ పోస్టు మాత్రం ఇక నింపం. పూర్తిగా శుభవార్త కాదు. అయినా బాబాయ్ అన్న మాట నాకిప్పటికీ గుర్తే: "ఇదేదో ముందే చెప్పుంటే ఇన్నాళ్లూ కాస్త నిద్రన్నా పట్టేది కదా."

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. ట్రైనింగ్‌కి అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. పాతికేళ్ల కుర్రాళ్ల ముందు ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కోవడం ఆయనకు తలకొట్టేసినట్టయింది. "నాకు రాదు" అనడం కంటే "ఇది పనికిరాదు" అనడం ఏ మనిషికైనా తేలిక. విడిగా గంటసేపు కూర్చుంటే వారంలో నేర్చేసుకున్నారు. తర్వాత ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో తెలుగులో ఒక నోట్‌బుక్‌లో రాసి, మిగతా ఇద్దరికీ ఆయనే నేర్పారు. ఒకే బేరింగ్ మూడు పేర్లతో మూడు చోట్ల ఎక్కిందని పట్టుకున్నదీ ఆయనే. ఆ తప్పు మా టెస్టింగ్‌లో దొరకలేదు.

ఇదేం కొత్త కథ కాదు. అమెరికాలో వర్జీనియాలోని ఒక పైజమాల ఫ్యాక్టరీలో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు చేసిన అధ్యయనం 1948లో అచ్చయింది. ఒక బృందానికి పనిలో మార్పు చాలా చిన్నది. ఇస్త్రీ చేసిన బట్టల్ని అట్టముక్క మీద పేర్చేవాళ్లు ఇక నుంచి పెట్టెలో పేర్చాలి, అంతే. కానీ వాళ్లను ఎవరూ అడగలేదు, నిర్ణయం చెప్పారంతే. ఉత్పత్తి పడిపోయి మళ్లీ లేవలేదు. 40 రోజుల్లో 17 శాతం మంది ఉద్యోగం మానేశారు. పని ఎలా మార్చాలో కూర్చోబెట్టి అడిగిన బృందాలు మాత్రం త్వరగా కోలుకుని, పాత ఉత్పత్తినీ దాటేశాయి. మానేసినవాళ్లు ఒక్కరూ లేరు.

మన బ్యాంకుల సంగతే చూడండి. కంప్యూటర్లు వస్తే ఉద్యోగాలు పోతాయని 1980ల్లో ఉద్యోగ సంఘాలు గట్టిగా ఎదిరించాయి. 1983లో యాజమాన్యాలకూ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. యంత్రాలు కొనాలంటే డబ్బుంటే చాలు. భయాలు తీర్చాలంటే ఎదురెదురుగా కూర్చోవాల్సిందే.

విలియం బ్రిడ్జెస్ అనే రచయిత మార్పు వేరు, ఆ మార్పులోంచి మనిషి నడిచి రావడం వేరు అంటాడు. మొదటిది ఒక తేదీన జరిగిపోతుంది. రెండోదానికి టైమ్ పడుతుంది, పైగా అది పాతదాన్ని వదులుకోవడంతో మొదలవుతుంది. మనం కొత్తగా వచ్చేదాన్నే చూపిస్తాం. ఎదుటివాళ్లు చేతిలోంచి జారిపోయేదాన్ని చూస్తుంటారు. బాబాయ్‌కి పోయింది రిజిస్టర్ కాదు, "ఆయన్ని అడిగితే తెలుస్తుంది" అనే గౌరవం. అది ఇంకో రూపంలో తిరిగి దక్కాకే ఆయన కంప్యూటర్‌తో రాజీపడ్డారు.

అందుకే ఇప్పుడు ఏ ప్రాజెక్టు మొదలైనా మా టీమ్ ప్లాన్‌లో మూడు లైన్లు ముందే పెట్టుకుంటాం. ఈ మార్పు వల్ల ఎవరికి ఏం పోతుంది? ఎవరి ఉద్యోగం ఏమవుతుందో, ఆ మాట చెప్పే అధికారం ఉన్నవాళ్లు ఏ రోజు వచ్చి చెబుతారు? ఆ పని రోజూ చేసేవాళ్ల పక్కన, రాత్రి షిఫ్టులో కూడా, మనలో ఎవరు కూర్చుంటారు?

మీ ఆఫీసులోనో, బడిలోనో, షాపులోనో రేపు ఏదైనా కొత్త పద్ధతి వస్తే, "మాకు వద్దు" అన్నవాళ్ల మీద విసుక్కోకండి. పక్కన కుర్చీ వేసుకుని "ఎందుకు?" అని ఒక్కసారి అడిగి చూడండి. సగం కష్టాలు ఆ జవాబులోనే తేలిపోతాయి. మిగతా సగానికి ఎలాగూ మా ఇంజనీర్లం ఉన్నాం!