శిఖరముపై నామదీపము

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదైనను, మూడు ప్రక్కల ఆంధ్రదేశమే దానిని చుట్టుకొని యున్నది. అచ్చట కచేరి కాగితములు కన్నడమున నడచును. చెనిక్కాయల బేరములును, తల్లుల జోలపాటలును తెలుగున నడచును. ఆ తాలూకాలోని యొక చిన్న పల్లె నా జన్మస్థానము. ఉద్యోగార్థమై నేను బెంగళూరు చేరి ముప్పది యేండ్లు గడచినవి. మా తల్లి మాత్రము ఆ యింటి అరుగును విడిచి రాలేదు.

నా చిన్ననాట కార్తికమాసమున గుడి ముందరి స్తంభమునకు ఆకాశదీపము నెత్తెడివారు. చిల్లులు గల చిన్న యిత్తడి పాత్రలో నూనెదీపము నుంచి, త్రాటితో పైకి లాగెడివారు. రాత్రివేళ మడులకు నీరు కట్టి వచ్చువారికిని, కడపటి బస్సు దిగి నడచి వచ్చువారికిని అదియే గుర్తు. తిరుపతి వీధులలో నిలిచి తల యెత్తినచో, గాలిగోపురము కడ వెలుగు శంఖచక్రనామములు కొండమీద కనిపించును గదా! అట్టి నామమొకటి మా రామాలయముపై నుండిన బాగుండునని మా తల్లి యొకనాడు అనెను. ఆ మాటను నేను తలకెత్తుకొంటిని.

నగరములోని యొక అంగడిలో చవుకగా దొరకిన దీపనామమును కొంటిని. యాబది వేల గంటలు వెలుగునని దానిమీద వ్రాసియుండెను. రాత్రికి పన్నెండు గంటల చొప్పున లెక్క వేసితిని, పదునొకండేండ్లకు పైమాటయే. శ్రీరామనవమి నాడు అది వెలిగినది. తొలకరి వానలకే ఆరిపోయినది. ఆ సంగతి నాకెవ్వరును తెలుపలేదు. ఒకనాటి రాత్రి మా తల్లి ఫోను చేసి, “నాయనా, నాలుగు దినాల నుంచి నామం అగపడలేదు. నా కండ్లే పోయినాయేమో” అనెను. దోషము ఆమె కండ్లలో లేదు. నేను చేసిన బేరములో నున్నది.

మరునాడే పల్లెకు పోతిని. రచ్చకట్ట మీది పెద్దలు నవ్వుచు, “ఇంత పెద్ద సోలార్ పార్కు పక్కన పెట్టుకొని, మన దేవునికి చీకటా?” అనిరి. నిజమే. మా తాలూకాలోని తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు గ్రామముల పొలములలో సుమారు 13,000 ఎకరముల మేర సూర్యఫలకములు పరచియున్నవి. 2018 మార్చిలో ప్రారంభమైన ఆ కేంద్రము 2019 చివరకు 2,050 మెగావాట్ల శక్తిని సంతరించుకొన్నది. అయినను గుప్పెడు పెట్టె యొకటి చెడిపోయినప్పుడు, ఆ మెగావాట్లన్నియు కూడి ఒక గీతనైన వెలిగింపలేవు.

ఆ పెట్టెను విప్పి చూపినవాడు బోరు మోటార్లు బాగుచేయు మా పల్లె యువకుడు. దీపపు గింజలన్నియు చక్కగనే యున్నవి. వానికి కరెంటు నందించు డ్రైవరు చెడినది. అందలి కెపాసిటరున కెండ పగ. పది డిగ్రీల వేడి పెరిగినచో దాని ఆయువు దాదాపు సగమగును. దానినేమో గోపురముపై రేకు వెనుక బిగించియుండిరి. వాన నీరును అందు చేరినది. మూడు గీతలకును ఆ పెట్టె యొక్కటే గనుక నామమంతయు ఒక్కసారి చీకటైనది. “చిన్నాయనా, దీన్ని ఎండకు మాడబెట్టినారే! కిందికి తెచ్చి నీడలో పెట్టించండి. పోయిందంటే నేనే మారుస్తా” అని వాడు చెప్పెను.

అటుపిమ్మట గాని నేను దీపముల గూర్చి సరిగా విచారింపనైతిని. పాత తీగబల్బు ఆయువు సుమారు వేయి గంటలు. రాత్రియెల్ల వెలిగినచో మూడు నెలలైన నిండవు. జార్జి క్లాడు 1910లో పారిస్ నగరమున ప్రదర్శించిన నియాన్ గొట్టము చాల యేండ్లు మన్నును గాని, దానికి వేల వోల్టులు కావలెను. కోతి దూకి గాజు పగిలినచో, మరల వంచి యతుకువాడు మా పల్లెలో లేడు. కనుక ఎల్‌ఇడి దీపమే మేలని తోచినది. కాని యాబది వేల గంటలనగా వెలుగు నూటికి డెబ్బది పాళ్లకు తగ్గు వరకని సాధారణముగా అర్థము. ఆ లెక్కలో డ్రైవరు ఆయువు చేరదు.

రెండవసారి వెల రెట్టింపైనది. ధూళి చొరక, నీటిధారకు తట్టుకొను ఐపీ 65 రకపు దీపములను, 12 వోల్టులతో వెలుగువానిని తెచ్చితిమి. రెండు తెల్లగీతలకును, నడిమి ఎర్రగీతకును వేరువేరుగా మూడు డ్రైవర్లు. అవన్నియు మండపపు నీడలో, మనిషి చేయి అందు ఎత్తున. కరెంటు ఉరవడికి సర్జ్ ప్రొటెక్టరు, దానికి ఎర్తు తీగ. అదనముగా నొక డ్రైవరు కొని పూజారి పెట్టెలో నుంచితిమి.

అఖండదీపము ఏండ్ల తరబడి వెలుగుట వత్తి గట్టిదనముచే గాదు, నూనె పోయు చేతి వలన. ఆ చేయి యెవరిదో ముందు నిశ్చయించుకొని, ఆ చేతికందు దీపమునే కొనవలెనని నేను గ్రహించితిని.

మొన్నటి వారము మా తల్లి మరల ఫోను చేసినది. “ఎడమ గీత కింది కొసన రెండు చుక్కలు ఆరినాయి. పిల్లోనికి చెప్పినాను, సాయంత్రం వస్తానన్నాడు” అనెను. అరుగు మీదినుండి ఆ రెండు చుక్కలను గుర్తుపట్టిన కండ్లకు మసక లేదని నాకు ధైర్యము కలిగినది.