తారు ఆగిన చోటి నుంచి

బిలాస్‌పూర్ శివారు లింగియాడీహ్ నుంచి అడవి బాటల మీదుగా గోదావరి దాకా మోటార్‌సైకిల్ ప్రయాణం సాహస యాత్రికులకు సరదా. ఆ బాటల వెంట బతికేవారికి మాత్రం మరో దారి లేకపోవడమే కారణం.

లింగియాడీహ్‌లో బండికి కిక్ కొట్టిన మొదటి గంటలో సాహసమేమీ ఉండదు. అర్పా నదికి ఇవతల, సీపత్ రోడ్డును ఆనుకుని ఉన్న ప్రాంతమిది. పేరు చివరి 'డీహ్'కు అర్థం పాత ఊరు ఉన్న చోటు. ఆ ఊరు ఎప్పుడో నగరంలో కలిసిపోయింది. ఇప్పుడిక్కడ అపోలో ఆస్పత్రి ఉంది. అదే రోడ్డు మీద సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం, ఉద్యోగుల కాలనీలు ఉన్నాయి. ఇంకా ముందుకెళితే 2,980 మెగావాట్ల సీపత్ విద్యుత్కేంద్రం వస్తుంది. బొగ్గు, కరెంటు, వైద్యం... ఒక నగరానికి కావలసినవన్నీ తారు రోడ్డు పక్కనే దొరుకుతాయి.

నదికి ఆవలి ఒడ్డున రైల్వే పట్టణం ఉంది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రం. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ కొలువుల కోసం వచ్చి స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈ పట్టణానికి కొత్త కాదు. రాయ్‌పూర్-విజయనగరం లైను 1931లో పూర్తయ్యాక వారికి సొంతూరు ఇంకా దగ్గరైంది. రైలెక్కితే టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా ఇంటికి చేరవచ్చు. పట్టాలు ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చేస్తాయి. మోటార్‌సైకిల్‌కు ఆ నిర్బంధం లేదు. అది తారు ఆగినచోట కూడా ఆగదు. అందుకే అసలు ఛత్తీస్‌గఢ్‌ను చూడాలనుకునేవారు బండినే నమ్ముకుంటారు.

లింగియాడీహ్ నుంచి మట్టి బాట పట్టడానికి రెండు దిక్కులున్నాయి. వాయవ్యాన అచానక్‌మార్ అడవి ఉంది. అది ఒక పూట ప్రయాణం. దక్షిణాన బస్తర్ దాటి భద్రాచలం దాకా 650 కిలోమీటర్ల పైమాటే. ఎంత వేగంగా నడిపినా రెండు రోజులు. మొదటిది చిన్నదే అయినా రెండో దారిని అర్థం చేసుకోవడానికి అక్కడే పాఠం మొదలవుతుంది.

అచానక్‌మార్ పాఠం

కోటా పట్టణం దాటాక పొలాలు పలచబడి గుగ్గిలం చెట్లు చిక్కనవుతాయి. 1975లో అభయారణ్యమైన అచానక్‌మార్ 2009లో పులుల రిజర్వు అయింది. శివ్‌తరాయ్, ఛపర్వా, లమ్నీల మీదుగా అమర్‌కంటక్ వైపు వెళ్లే రోడ్డు ఈ అడవి మధ్య నుంచే వెళ్తుంది. దానికి అటూ ఇటూ చీలిపోయే బాటల మీద తారు కనిపించదు. ఎండాకాలంలో చక్రం కింద పొడి మొరం బంతుల్లా దొర్లుతుంది. వానాకాలంలో అదే మట్టి సబ్బులా జారుతుంది. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే పడ్డట్టే. వాగులో దిగితే ఒకటో గేరులో, యాక్సిలరేటర్ వదలకుండా దాటాలి. వదిలితే సైలెన్సర్‌లోకి నీరు పోయి ఇంజన్ ఆగిపోతుంది. జులై నుంచి అక్టోబర్ దాకా రిజర్వులోకి పర్యాటకులను అనుమతించరు కాబట్టి ఈ చివరి కష్టం వారికి పెద్దగా తెలియదు.

ఊళ్లవాళ్లకు మాత్రం ఆ నాలుగు నెలలూ సెలవు లేదు. రిజర్వు ఏర్పడినప్పుడు దాని నడిబొడ్డున 25 ఊళ్లు ఉండేవి. వాటిలో ఆరింటిని తొలి విడతలో బయటకు తరలించారు. ఈ ఊళ్లలో బైగాలు ఎక్కువ. దేశంలో అత్యంత వెనుకబడినవిగా గుర్తించిన 75 ఆదివాసీ సమూహాల్లో వారిదొకటి. పులుల రిజర్వులో రోడ్డుకు తారు వేయాలంటే అటవీ అనుమతులు కావాలి. బాట బాగుంటే వాహనాలు పెరుగుతాయి, జంతువులకు ముప్పు. బాట బాగోకపోతే రోగులకు ముప్పు. ఈ రెండింటి మధ్య తూకం ఇంతవరకూ కుదరలేదు.

ఆ తూకం తేలేలోగా మనుషులు ఏదో ఒకటి చేసుకోవాలి కదా. ఎయిమ్స్ నుంచి వచ్చిన కొందరు వైద్యులు 1990ల చివర్లో ప్రారంభించిన జన స్వాస్థ్య సహయోగ్ గనియారీలో ఆస్పత్రి నడుపుతూ, శివ్‌తరాయ్, బమ్హనీ వంటి అటవీ గ్రామాల్లో ఉపకేంద్రాలు తెరిచింది. 2024లో ప్రభుత్వం కోటా బ్లాకులో బైక్ అంబులెన్సులను ప్రవేశపెట్టింది. మోటార్‌సైకిల్‌కు పక్కన రోగి కూర్చోవడానికో, పడుకోవడానికో ఒక తొట్టి, పైన కప్పు. అంతే. నాలుగు చక్రాల 108 వాహనం ఆగిపోయే చోటికి ఈ మూడు చక్రాల బండి వెళ్తుంది. పురిటి నొప్పులు పడే మహిళలకు, పాము కాటు బాధితులకు, మలేరియా రోగులకు అదే దిక్కు. అంతకుముందు మంచాన్ని తిరగేసి కర్రకు కట్టి మోసేవారు. ఉత్తరాంధ్ర మన్యంలో డోలీ మోతలు చూసినవారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండు బండ్లు

ఈ బాటల మీద రెండు రకాల మోటార్‌సైకిళ్లు ఎదురవుతాయి. ఒకటి నగరం నుంచి వచ్చినది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో మార్కెట్లోకి వచ్చాక దేశంలో సాహస యాత్రల మోజు బాగా పెరిగింది. గుబ్బల టైర్లు, మోకాళ్లకు కవచాలు, హ్యాండిల్ మీద ఫోను, వెనుక నీళ్లు చొరబడని సంచులు. ఇంకొకటి ఊరిది. పాత స్ప్లెండరో, ప్లాటినానో. దాని మీద భార్యాభర్తలు, మధ్యలో పిల్ల, ట్యాంకు మీద రేషన్ బియ్యం మూట. టైర్లు నున్నగా అరిగి ఉంటాయి. హెల్మెట్ ఊసే ఉండదు. మొదటి బండి గుంతలో పడితే అది ఒక అనుభవం. రెండోది పడితే ఆ వారం సంత పోయినట్టే.

మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు ఏరుకొచ్చేది, మే నెలలో తునికాకు కట్టలు కట్టడానికి కూలీకి వెళ్లేది, ఆస్పత్రికి, బ్యాంకుకు, బడికి పోయేదీ ఈ రెండో బండి మీదే. పెట్రోలు బంకు లేకపోయినా కిరాణా కొట్టులో సీసాల్లో దొరుకుతుంది. పంక్చరు అతికేవాడు ప్రతి సంతలోనూ ఉంటాడు. ఎవరూ ప్రణాళిక వేయకుండానే అడవి ఒక రవాణా వ్యవస్థను ఏర్పాటు చేసుకుంది. అందులో బస్సు, అంబులెన్సు, సరుకుల లారీ అన్నీ ఆ ఒక్క బండే.

బస్తర్ దిశగా

దక్షిణాన వెళ్లే దారి రాయ్‌పూర్ దాకా నున్నటి హైవే. అక్కడి నుంచి 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే ధమ్తరి, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. వరస మలుపులు ఎక్కగానే బస్తర్ పీఠభూమి. కొండగావ్ నుంచి పడమటికి తిరిగితే నారాయణపూర్, ఆ వెనుక అబూజ్‌మఢ్ కొండలు. యునిసెఫ్ తోడ్పాటుతో బైక్ అంబులెన్సులను కోటా కంటే పదేళ్ల ముందే వాడిన జిల్లా నారాయణపూర్. అవసరం అక్కడ అంత ఎక్కువ మరి.

జగ్దల్‌పూర్ తర్వాత రహదారి దర్భా లోయలోకి దిగుతుంది. 2013 మే 25న ఝీరమ్ ఘాటీలో కాంగ్రెస్ వాహనశ్రేణిపై మావోయిస్టులు దాడి చేసి మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ తదితరులను చంపింది ఇక్కడే. గాయపడిన మాజీ కేంద్రమంత్రి విద్యాచరణ్ శుక్లా తర్వాత మరణించారు. సుక్మా దాటాక దోర్నాపాల్ వస్తుంది. అక్కడ పడమటికి చీలే దారి జగర్‌గుండాకు పోతుంది. దూరం 60 కిలోమీటర్లలోపే. కానీ ఈ దేశంలో ఇంత ఖరీదైన దారులు ఎక్కువ ఉండవు. ఖరీదు రూపాయల్లో కాదు.

ఒకప్పుడు జగర్‌గుండా మంచి సంత ఊరు. దోర్నాపాల్ నుంచి, బాసగూడ నుంచి వ్యాపారులు వచ్చేవారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ దారులు తెగిపోయాయి. మావోయిస్టులు రోడ్లు తవ్వేశారు, కల్వర్టులు పేల్చేశారు. ఊరు కంచె లోపలి శిబిరమైంది. రేషన్ బలగాల కాపలాతో వచ్చేది. 2010 ఏప్రిల్ 6న ఈ దారికి దగ్గర్లోని తాడ్‌మెట్ల వద్ద 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర రోడ్డు పనికి కాపలా కాస్తున్న 25 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు.

ఇక్కడి బాటలకు మోటార్‌సైకిల్‌తో ఉన్న సంబంధం కూడా యుద్ధం నుంచి పుట్టిందే. మట్టి రోడ్డులో మందుపాతర పాతడం తేలిక. తవ్విన జాడ రెండు రోజుల్లో చెరిగిపోతుంది. బరువైన వాహనం పెద్ద లక్ష్యం. అందుకే బలగాలు జీపులు వదిలి బైకుల మీద, కాలినడకన వెళ్లడం నేర్చుకున్నాయి. గాయపడిన జవాన్ల కోసం డీఆర్‌డీఓ తయారుచేసిన 'రక్షిత' బైక్ అంబులెన్సు 2021 జనవరిలో సీఆర్పీఎఫ్ చేతికి వచ్చింది. అదే కారణంగా జగర్‌గుండా రోడ్డును తారుతో కాక సిమెంటు కాంక్రీటుతో వేశారు. కాంక్రీటును ఎవరికీ తెలియకుండా తవ్వలేరు. కాంట్రాక్టర్లు ముందుకు రాకపోవడంతో ఆ పని పోలీసు గృహనిర్మాణ సంస్థ చేతికి వెళ్లింది. రోడ్డు వేసింది ఎవరో చూస్తే చాలు, అది మొదట ఎవరి కోసమో అర్థమవుతుంది.

ఎవరి రోడ్డు?

గ్రామాలకు రోడ్లు వేయాలన్న లక్ష్యం కొత్తదేమీ కాదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబర్‌లో మొదలైంది. మైదానాల్లో 500 జనాభా ఉన్న ఊళ్లకు, ఆదివాసీ ప్రాంతాల్లో 250 ఉన్నవాటికి రోడ్డు వేయాలన్నది నిబంధన. తీవ్రవాద ప్రభావిత బ్లాకుల్లో దాన్ని 100కు తగ్గించారు. బైగా వంటి సమూహాల ఆవాసాలకు రోడ్ల కోసం 2023 నవంబర్‌లో పీఎం-జన్‌మన్ వచ్చింది. కానీ అడవిలో ఊరంటే ఒకచోట ఉండదు. ఇక్కడ పది ఇళ్లు, వాగు అవతల ఎనిమిది. లెక్కల్లో అది ఒక ఊరు, నేల మీద అయిదారు పాడలు. రోడ్డు మొదటి పాడ దగ్గర ఆగిపోతుంది. మిగతా దూరం బైకుదే.

అలాగని రోడ్డు వచ్చిన ప్రతిచోటా జనం పండగ చేసుకోలేదు. బాసగూడ-జగర్‌గుండా దారిలోని సిల్గేర్‌లో 2021 మే నెలలో రాత్రికి రాత్రి సీఆర్పీఎఫ్ శిబిరం వెలిసింది. దాన్ని నిరసిస్తూ వేలమంది ఆదివాసీలు రోడ్డెక్కారు. మే 17న కాల్పుల్లో ముగ్గురు మరణించారు. తొక్కిసలాటలో గాయపడిన ఒక గర్భిణి ఆ తర్వాత చనిపోయారు. నిరసన ఏడాదికి పైగా సాగింది. వారు రోడ్డే వద్దనలేదు. ఆస్పత్రికి, బడికి, సంతకు సరిపడా రోడ్డు చాలన్నారు. శిబిరాల కోసం, రేపు ఖనిజం లారీల కోసం అంత వెడల్పు దేనికని అడిగారు. బైలడిల్లా ఇనుము కొండలు చూసినవారికి ఆ అనుమానం ఎక్కడిదో తెలుసు. మరోవైపు, రోడ్డును అడ్డుకున్న మావోయిస్టులు అంబులెన్సును కూడా అడ్డుకున్నట్టేనన్నదీ నిజమే. రెండు దశాబ్దాలపాటు ఈ రెండు వాదనల మధ్య నలిగింది మంచం మీద మోసుకెళ్లిన రోగులు.

2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు నారాయణపూర్ అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మరణించారు. మావోయిస్టులు బలహీనపడిన కొద్దీ కొత్త రోడ్లు, సెల్ టవర్లు వేగం పుంజుకున్నాయి. జలపాతాల కోసం, ఫోటోల కోసం బైకర్లు రావడం మొదలైంది. తారు వేస్తే దారి 'అందం' పోతుందని వారిలో కొందరు బాధపడతారు. ఆ బాధ పడే స్తోమత దారి పక్కన ఉన్నవారికి లేదు.

శబరి దాటాక

దోర్నాపాల్ నుంచి మళ్లీ జాతీయ రహదారి ఎక్కి దక్షిణానికి వస్తే కోంటా. పక్కనే శబరి నది. ఇక్కడి సంతలో గోండీ, హిందీ, తెలుగు కలిసే వినిపిస్తాయి. దుకాణదారు ఏ భాషలో పలకరిస్తాడన్నది కొనేవారి వేషాన్ని బట్టి ఉంటుంది. సరిహద్దు దాటగానే చింతూరు మండలం. 2014 విభజనలో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఈ ప్రాంతం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. 2005 తర్వాత బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయలు ఇక్కడి అడవుల్లోనూ, తెలంగాణ అడవుల్లోనూ పాడలు వేసుకుని బతుకుతున్నారు. రాష్ట్రం మారినా వారి బాట మారలేదు. వాన పడితే వాగు పొంగుతుంది, బండి ఆగుతుంది. ఆంధ్రప్రదేశ్ కూడా 2018లో మన్యంలో బైక్ అంబులెన్సులు ప్రవేశపెట్టింది. డోలీల వార్తలు మాత్రం ఆ తర్వాత కూడా ఆగలేదు. బండి ఎంత మంచిదైనా అది రోడ్డుకు బదులు కాదు.

ఇక్కడి నుంచి భద్రాచలం గంటన్నర ప్రయాణం. తారు రోడ్డు, గోదావరి వంతెన, రాముడి గుడి. లింగియాడీహ్ నుంచి బయలుదేరినవారికి యాత్ర ముగిసినట్టే. వారు ఎక్కిన కిలోమీటర్లు లెక్కేసుకుంటారు. దారిలో వెనక దిగబడిన ఊళ్లలో దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు. ఆస్పత్రికి ఎన్ని వాగులు అడ్డం, వాటిలో ఎన్నింటికి కల్వర్టు ఉంది, పొరుగింటి బండిలో పెట్రోలు ఉందా లేదా అన్నదే లెక్క. ఆ లెక్క మారినప్పుడే ఈ దారి మీద మోటార్‌సైకిల్ నిజంగా సరదా అవుతుంది, అందరికీ.