పొమ్మన్నప్పుడే పోవాలి

ఉత్తరం ఎప్పుడు పోవాలో రాసినవాడే చెప్పాలి. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. మెయిలొచ్చాక ఆ అధికారం మన చేతుల్లోంచి జారిపోయింది. సెండ్ నొక్కామా, పోయిందంతే. ఇక కొత్త మెయిలు వచ్చినప్పుడల్లా తెర మూలన ఓ కబురు లేచి, రాస్తున్న వాక్యాన్ని మధ్యలో తుంచేస్తుంది.

ఆగిరిపల్లిలో మామిడి దిగే రోజుల్లో ఇది మాకు పెద్ద సంగతి. మా బావగారు బంగినపల్లి, చిన్నరసాలు ఢిల్లీ వ్యాపారులకు పంపుతారు. ఆయన మెయిళ్ళన్నీ నేనే డెస్క్‌టాప్ క్లాసిక్ అవుట్‌లుక్‌లో రాస్తాను. పొద్దున అనుకున్న ధర నున్న మార్కెట్‌లో బేరాలు మొదలయ్యేసరికి మారిపోవచ్చు. కాయని ముచ్చికతో కోసి, సొన కారిపోయేదాకా ఆగి పెట్టెకెత్తుతారు. తొందరపడితే తొక్క మీద మచ్చ పడుతుంది. ధర రాసిన ఉత్తరానికీ ఆ కాస్త వ్యవధి ఉండాలి.

అలా ఉత్తరాన్ని ఆపడానికి ఒక టిక్కు తీస్తే చాలదు. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ వరసలో ‘సెండ్ ఇమ్మీడియట్లీ వెన్ కనెక్టెడ్’ అని ఉంటుంది. ఆ టిక్కు తీసేస్తే మెయిలు వెంటనే పోకుండా అవుట్‌బాక్స్‌లో ఆగుతుంది. చాలామంది అక్కడితో పనైపోయిందనుకుంటారు. కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కి చూడండి, సెండ్/రిసీవ్ గ్రూపులు కనిపిస్తాయి. ఇన్ని నిమిషాలకోసారి తనంతట తానే పంపి తెచ్చుకొమ్మనే ఏర్పాటు అక్కడుంది; మామూలుగా 30 నిమిషాలని ఉంటుంది. అవుట్‌లుక్ మూసేటప్పుడు ఉన్నవన్నీ పంపెయ్యమనే టిక్కూ అక్కడే. ఈ రెండూ చూసుకోకపోతే, ఆగిందనుకున్న ఉత్తరం చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుంది.

అలాగని వచ్చేవాటిని కూడా ఆపుకుని కూర్చుంటే వ్యాపారం సాగదు. అదృష్టవశాత్తూ పంపడం, తెచ్చుకోవడం వేరువేరు పద్ధతులు. పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ, దాని నియమాలు 1982లో జాన్ పోస్టెల్ రాశాడు. సర్వర్ నుంచి తెచ్చుకోవడానికి పాప్. అందుకే గ్రూపులో ఎడిట్ నొక్కితే ఒక్కో ఖాతాకీ పంపడానికో టిక్కు, అందుకోవడానికో టిక్కు విడిగా ఉంటాయి. నేను కొత్తగా ఒక గ్రూపు చేసి, దానికి అందుకునే పని మాత్రం అప్పజెప్పి, గంటకోసారి అని పెట్టాను. పంపే పని ఉన్న పాత గ్రూపుకి వేళాపాళా తీసేశాను; ఎఫ్9 నొక్కితేనే కదులుతుంది. గంటకోసారి చాలు. కొనేవాడికి మరీ తొందరైతే ఫోనే చేస్తాడు. ఈ గంటల లెక్క పాప్ ఖాతాలకి బాగా కుదురుతుంది. ఆఫీసుల్లో వాడే ఎక్స్ఛేంజ్ ఖాతాలకి మాత్రం సర్వర్ ఎప్పటికప్పుడు తెచ్చి పడేస్తుంది, అక్కడ ‘వర్క్ ఆఫ్‌లైన్’ నొక్కడమే దారి.

థండర్‌బర్డ్ వాడేవాళ్ళకి ఇన్ని తిప్పలు లేవు. కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఉత్తరం తర్వాత పంపేవాటిలో చేరుతుంది.

బావగారు తోటనుంచి వచ్చి, “ఏదీ, ఆ ఢిల్లీ మెయిలు ఓసారి చూపించవోయ్” అంటారు. అప్పుడు మా అవుట్‌లుక్ అవుట్‌బాక్స్‌లో ఉన్నదాన్ని తెరిచి, ధర దిద్ది, మళ్ళీ సెండ్ నొక్కాలి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. పోవడానికి సిద్ధంగా ఉన్న మెయిలు పేరు వాలు అక్షరాల్లో ఉంటుంది. తెరిచి చూసి ఊరికే మూసేస్తే ఆ అక్షరాలు నిటారుగా మారతాయి, ఆపైన ఎఫ్9 ఎన్నిసార్లు నొక్కినా అది కదలదు. మళ్ళీ తెరిచి సెండ్ నొక్కాల్సిందే.