బాంకాక్ గుడిలో భుజం నొప్పి

పదేళ్ళుగా నా మెడా కుడి భుజమూ కలిసే చోట ఒక నొప్పి కాపురం ఉంటోంది. బిందెలు మోసినందుకో, పిల్లల్ని చంకనేసుకుని వంట చేసినందుకో తెలీదు. రాత్రి పడుకోబోయే ముందు కాస్త అమృతాంజనం రాసుకోవడం, పొద్దున్నే లేచి కాఫీ కలపడం - అంతే దాని వైద్యం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ‘‘పని తగ్గించుకో’’ అంటారు. తగ్గించుకున్న పని ఎవరు చేస్తారో మాత్రం చెప్పరు!

ఆ నొప్పిని వెంటబెట్టుకునే పోయిన డిసెంబరులో బాంకాక్ వెళ్ళాను. మావారు రిటైరయ్యారని మేమిద్దరం, మా మరిది, తోడికోడలు కలిసి బయల్దేరాం. హైదరాబాదు నుంచి విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. రాజమండ్రి నుంచి హైదరాబాదు చేరడానికే మాకు అంతకు రెట్టింపు పట్టింది.

పడుకున్న బుద్ధుడు

చావో ఫ్రయా నదిలో పడవెక్కి థా తియెన్ రేవులో దిగితే వాట్ ఫో నడిచి వెళ్ళేంత దూరమే. ‘వాట్’ అంటే గుడి. భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటేనే లోపలికి రానిస్తారు. చీరలు కట్టుకున్న మాకేం ఇబ్బంది లేదు గానీ, నిక్కరుతో వచ్చిన మా మరిది గుడ్డ చుట్టుకోవాల్సి వచ్చింది. మా తోడికోడలు దారంతా నవ్వుతూనే ఉంది.

లోపల పడుకున్న బుద్ధుడి విగ్రహం పొడవు 46 మీటర్లు, ఎత్తు 15 మీటర్లు. ఒళ్ళంతా బంగారు పూత. పాదాల మీద ముత్యపు చిప్పలతో 108 శుభచిహ్నాలు పొదిగారు. గోడ వెంట 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి. ఒక్కో గిన్నెలో ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్ళాలి. హాలంతా ఆ టింగుటింగుల చప్పుడే. ఇంకో మందిరం చుట్టూ పాలరాతి పలకల మీద రామాయణం చెక్కి ఉంది. వాళ్ళు ‘రామకియెన్’ అంటారు. పరాయి దేశంలో హనుమంతుణ్ణి చూసేసరికి మన ఊరివాడు కనిపించినట్టయింది.

నన్ను ఆపేసినవి మాత్రం గోడల్లో అమర్చిన కొన్ని రాతి పలకలు. వాటి మీద మనిషి బొమ్మ, ఒంటి నిండా గీతలు, చుక్కలు. 1830లలో మూడవ రామ అనే రాజు ఈ గుడి బాగుచేయిస్తూ, వైద్యం తెలిసినవాళ్ళ విద్య వాళ్ళతోనే పోకూడదని ఇలా రాళ్ళకెక్కించాడట. ఒంటి ముందువైపుకి 30, వెనకవైపుకి 30 పలకలు. ఎక్కడ నొక్కితే ఏ నొప్పి తగ్గుతుందో ఆ చుక్కలే చెబుతాయి. వాళ్ళ ముఖ్యమైన నాడుల పేర్లు ఇథ, పింగ్‌ఖల, సుమన. మన ఇడ, పింగళ, సుషుమ్నలే కదా! ఈ విద్యకి ఆది గురువుగా వాళ్ళు మొక్కేది కూడా బుద్ధుడికి వైద్యం చేసిన మన జీవకుడికే. తోటలో రాళ్ళ మధ్య ఋషుల బొమ్మలున్నాయి. కాలు మెలితిప్పినవాడొకడు, చేయి వెనక్కి విరిచినవాడొకడు. ఒళ్ళు పట్టేస్తే ఎలా సాగదీసుకోవాలో చూపించడానికట.

‘‘నొప్పి ఎక్కడ?’’

ఈ గుడి ఆవరణలోనే మర్దన చేసే చోటు ఉంది. 1955లో ఇక్కడ బడి కూడా పెట్టారు. చదివి, సాధన చేసి నేర్చుకునే విద్య ఇది. 2019లో యునెస్కో వాళ్ళు కూడా థాయ్ మర్దనని తమ వారసత్వ జాబితాలో చేర్చారు. ‘‘నాకెందుకే ఇవన్నీ’’ అంటున్నా వినకుండా మా తోడికోడలు ‘‘పద అక్కా’’ అని లాక్కెళ్ళింది.

నూనె ఉండదు, బట్టలు విప్పక్కర్లేదు. వదులు చొక్కా, పంట్లాము ఇస్తారు. యాభై ఎనిమిదేళ్ళకి మొదటిసారి పంట్లాము తొడిగాను! నేల మీద పరుపు వేసి పడుకోబెట్టారు. వచ్చినావిడ దాదాపు నా వయసుదే. ముందు కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో బీపీ ఉందా, ఆపరేషన్లు అయ్యాయా అని అడిగి, చివర్న ‘‘నొప్పి ఎక్కడ?’’ అంది. భుజం చూపించాను. ఎందుకో గొంతు పట్టేసింది. పదేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. నేనెవరికీ చెప్పనూ లేదు.

భుజం చూపిస్తే ఆవిడ పాదాల దగ్గర మొదలెట్టింది. అర్థం కాలేదేమో అనుకున్నాను. కింద నుంచి పైకి రావడమే వాళ్ళ పద్ధతట. పిక్కలు, తొడలు, నడుము, అక్కడి నుంచి వీపు. ఎక్కడా గబుక్కున నొక్కలేదు. మెల్లగా బరువు ఆనించి, కాసేపు ఉంచి, మెల్లగా వదిలేది. భుజం దగ్గరికొచ్చాక కండరంలో ఉసిరికాయంత ముడి వేలికి తగిలింది కాబోలు, అక్కడే ఆగింది. ఆ నొప్పి మెడ వెనక నుంచి కణత దాకా పాకింది. ‘‘ఎక్కువా? చాలా?’’ అని అడుగుతూనే ఉంది. పది లెక్కపెట్టేలోపు ముడి కొంచెం మెత్తబడింది. చివర్న ప్లాయ్ అనే అల్లం జాతి దుంప, పసుపు, నిమ్మగడ్డి, కర్పూరం కట్టిన మూటని ఆవిరి పట్టి కాపడం పెట్టింది. మన వావిలాకు కాపడం గుర్తొచ్చింది.

లేచాక సైగలతో అడిగాను, ‘‘మా అత్తగారికి రోజూ కాళ్ళు పడతాను, నా బొటనవేళ్ళు గుంజేస్తాయి, ఎందుకని?’’ ఆవిడ నవ్వి, నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నా మోచేతులు తిన్నగా చేసింది. నొక్కాల్సింది వేళ్ళ బలంతో కాదు, ఒంటి బరువుతో. పాతికేళ్ళుగా నేను చేసింది కాళ్ళు పట్టడం కాదు, చపాతీ పిండి పిసకడం!

మీరూ చేసి చూడండి

నేల మీద చాప వేసి, పట్టించుకునేవాళ్ళని పడుకోబెట్టండి. మీరు మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతులు వంచకుండా, అరచేతులు ఆనించి ముందుకి వాలండి. అయిదారు సెకన్లు ఉంచి వెనక్కి రండి. కండ ఉన్న చోటే నొక్కాలి గానీ వెన్నెముక మీద, మోకాలి చిప్ప మీద, గొంతు వైపు నొక్కకూడదు. నొప్పి ‘హాయిగా’ ఉండాలి, ఊపిరి బిగపట్టేలా ఉండకూడదు. జ్వరం ఉన్నా, వాపు ఉన్నా, ఒక్క పిక్కే ఎర్రగా వేడిగా ఉన్నా ముట్టుకోవద్దు, డాక్టరుకి చూపించండి. గర్భిణులకి, ఎముకలు గుల్లబారినవాళ్ళకి డాక్టరుని అడక్కుండా చేయొద్దు. చేయి తిమ్మిరెక్కుతున్నా, ఛాతీలో నొప్పితో పాటు భుజం లాగుతున్నా అది మర్దనతో పోయేది కాదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నా నొప్పి మాయమైపోలేదు. నాలుగు రోజులు హాయిగా ఉండి మళ్ళీ వచ్చింది. ఊరొచ్చాక ఫిజియోథెరపిస్టుకి చూపిస్తే, వంటింటి గట్టు నాకు ఎత్తెక్కువనీ, కూరలు తరిగేటప్పుడల్లా భుజం పైకెత్తుతున్నాననీ తేలింది. ఇప్పుడు కూరలు బల్ల దగ్గర కూర్చుని తరుగుతున్నాను. రోజూ మెడ వ్యాయామాలు చేస్తున్నాను. సగం తగ్గింది.

వచ్చిన రాత్రి అత్తయ్యగారికి కొత్త పద్ధతిలో కాళ్ళు పట్టాను. ‘‘ఇవాళ బావుందే అమ్మాయ్, ఏం చేశావ్?’’ అన్నారు. జరిగిందంతా చెబుతూ, మాటల్లో నా భుజం సంగతీ చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

‘‘పదేళ్ళా? నాతో ఒక్కసారైనా అనలేదేం? ఇటు తిరుగు’’ అన్నారు.

ఎనభై దాటిన చేతులు, ఏం బలం ఉంటుంది? కానీ ఇటు తిరిగి కూర్చున్నాను.